ముక్కు ఎక్కడుందో వేలికెలా తెలుసు?

కళ్ళు మూసుకొని చూపుడువేలితో మీ ముక్కు కొన తాకండి. తాకగలిగారు కదా! మరి కళ్ళు మూసి ఉండగా వేలికి దారి చూపిందెవరు?

జ్ఞానేంద్రియాలు ఐదని చిన్న తరగతుల్లో చదువుకున్నారు. ఆ లెక్క చాలదు. మన కండరాల్లో, కీళ్ళలో సూక్ష్మమైన గ్రాహకాలున్నాయి. ఏ కండరం ఎంత సాగిందో, ఏ కీలు ఎంత వంగిందో అవి క్షణక్షణమూ మెదడుకు తెలియజేస్తుంటాయి. ఈ జ్ఞానానికి షెరింగ్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1906లో 'ప్రోప్రియోసెప్షన్' అని పేరు పెట్టాడు. మనం 'దేహస్థితి జ్ఞానం' అందాం.

ఇంకొకటి సమతాస్థితి జ్ఞానం. లోపలి చెవిలో మూడు అర్ధవలయ నాళాలు, వాటిలో ద్రవం ఉంటాయి. ఒప్పులకుప్ప ఆడి చటుక్కున ఆగితే బడి, చెట్లు గిర్రున తిరుగుతున్నట్లుంటుంది కదూ! మీరు ఆగినా నాళాల్లోని ద్రవం ఇంకా ఆగలేదన్నమాట.

తిరుమలాయపాలెంలో చేనుగట్టు మీద నెత్తిన నీళ్ళబిందెతో నడిచే మనిషిని గమనించండి. బిందె ఒరిగేలోగానే మెడ సర్దుకుంటుంది. చూపు, స్పర్శ, ఈ రెండు జ్ఞానాలు తెచ్చే సమాచారాన్ని కలిపి మెదడు కండరాలకు ఆజ్ఞలిస్తుంది. ఈ పనిలో అనుమస్తిష్కానిది పెద్ద పాత్ర.

అయితే ఈ కలపడం అందరిలోనూ ఒకేలా జరగదు. మీ తరగతిలోనే చూడండి. ఒకడు చొక్కా బొత్తాలు పెట్టుకోలేక తంటాలు పడతాడు. పెన్సిలు ముల్లు విరిగేటట్లు నొక్కి రాస్తాడు. తొక్కుడుబిళ్ళలో ప్రతిసారీ గీత తొక్కుతాడు. అదే పిల్లవాడు నోటిలెక్క టక్కున చెబుతాడు! ఇంకొక అమ్మాయి బడిగంట మోగితే చెవులు మూసుకుంటుంది. కొత్త బట్టల కుట్టు ఒంటికి తగిలితే సహించలేదు. వీళ్ళకు మనం పెట్టే పేర్లు మొద్దు, సోమరి, పెంకిఘటం.

మొదటి పిల్లవాడి ఇబ్బందిని వైద్యులు చలన సమన్వయ లోపం అంటారు. బడి పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఇది ఉంటుందని అంచనా. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. పెద్దయితే పోతుందిలే అంటారుగాని చాలామందిలో కొంత మిగిలే ఉంటుంది.

రెండవ అమ్మాయి సంగతి కొంచెం చిక్కు. ఇంద్రియాల సమాచారాన్ని మెదడు సరిగా కలపలేకపోవడమే ఇలాంటి ఇబ్బందులకు మూలమని జీన్ ఐరిస్ అనే అమెరికా చికిత్సకురాలు 1972లో పుస్తకం రాసింది. దీన్ని వేరే జబ్బుగా పేర్కొనవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో చెప్పింది. శబ్దానికీ స్పర్శకూ ఇలా అతిగా స్పందించడం ఆటిజం లక్షణాల్లో ఒకటి. కాని అలా స్పందించే ప్రతివారికీ ఆటిజం ఉన్నట్లు కాదు. పేరు మీద వాదం ఎలా ఉన్నా, ఆ అమ్మాయి పడే బాధ మాత్రం నటన కాదు.

ఇలాంటి పిల్లలు దెబ్బలకూ ఎగతాళికీ భయపడి ముందు ఆటలు మానేస్తారు, తర్వాత బడికి రావడమే తగ్గిస్తారు. విద్యాహక్కు చట్టం 2009లో పిల్లలను కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. నన్నడిగితే చేతిరాత బాగాలేదని సైన్సు పేపర్లో మార్కులు కోయడం కూడా ఒక దెబ్బే!

మందుబిళ్ళతో ఇది కుదిరేది కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడులకు వైద్యబృందం వస్తుంది. కదలికల్లో, నేర్చుకోవడంలో ఇబ్బందులు చూడడం కూడా వారి పనే. ఆ రోజున మీ స్నేహితుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళండి. గంటకు దూరంగా బెంచీ మార్చడం, లావుపాటి పెన్సిలు ఇవ్వడం మాష్టారు చేయగలిగినవి. రాని పనిని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్కటే సాధన చేయించడం మంచి ఫలితమిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. బంతాట నేర్పాలంటే ముందు పెద్ద బంతి తీసుకోండి. రెండడుగుల దూరంనుంచి మెల్లగా వేయండి. పట్టుకోవడం వచ్చాక ఒక అడుగు వెనక్కి జరగండి.