గగన్ వెనుక వాల్తేరు కొలతలు

పశ్చిమ ప్రకాశంలోని కొనకనమిట్ల 15, 16 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉందన్నది భూగోళ పాఠంలో చిన్న వివరమే అయినా, ఫోనులో దారి చూసుకుంటూ ఆ ఊరు దాటే లారీకీ, ఆ ఊరి మీదుగా ఎగిరే విమానానికీ దానితో నేరుగా సంబంధం ఉంది. భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున మొదలై వందల కిలోమీటర్లు పైకి వ్యాపించిన పొరలో, సూర్యకిరణాల తాకిడికి గాలిలోని అణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి విద్యుదావేశం పొందుతాయి. ఐనోవరణం అనే ఈ పొర ఉపగ్రహ సంకేతాన్ని కొంత ఆలస్యం చేస్తుంది. సంకేతానికి పట్టిన కాలాన్ని బట్టే రిసీవరు దూరం కడుతుంది కనుక, ఆ ఆలస్యం వల్ల లెక్క కొన్ని మీటర్లు, ఒక్కోసారి పదుల మీటర్లు తప్పుతుంది.

ఈ తప్పు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. దేశపు దక్షిణ కొసన తిరునెల్వేలి ప్రాంతం మీదుగా పోయే అయస్కాంత భూమధ్యరేఖ వద్ద, పగటివేళ విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు కలిసి ఎలక్ట్రాన్లను పైకి లేపగా, అవి అయస్కాంత రేఖల వెంట అటూ ఇటూ జారి రెండు వైపులా దూరంగా పోగుపడతాయి. ఉత్తరపు పోగు సాధారణంగా గుజరాత్, మధ్యప్రదేశ్‌ల వైపు ఏర్పడుతుంది. మార్కాపురం, గిద్దలూరు, కొనకనమిట్లల ఆకాశం దానికి ఎక్కే వాలు మీద ఉంటుంది.

తుంబా నుంచి 1963లో తొలి పరిశోధక రాకెట్ లేవకముందే, 1950లలోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు బృందం వాల్తేరు మీది ఐనోవరణాన్ని కొలవడం మొదలుపెట్టింది. పైకి పంపిన రేడియో తరంగం పొరను తాకి తిరిగొచ్చాక, దాని హెచ్చుతగ్గులు కొద్ది దూరంలో ఉంచిన మూడు రిసీవర్లలో ఎంతెంత తేడాతో నమోదయ్యాయో చూసి, ఆ పొరలోని కదలికల వేగాన్ని వారు లెక్కకట్టారు. కందిచేల మీదుగా సాగే మబ్బు నీడ ఏ చేనును ఎప్పుడు తాకిందో గమనించి మబ్బు వేగం చెప్పడం లాంటిదే ఇది. శ్రీహరికోట ప్రయోగాలకు పత్రికల్లో దక్కే చోటులో పిసరంత కూడా ఇలాంటి కొలతలకు దక్కదు గానీ, ఉపగ్రహ సేవలు నిలిచేది వీటి మీదే.

విమానాలకు స్థాన సమాచారాన్ని సరిదిద్ది అందించే గగన్ వ్యవస్థను ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి తలపెట్టినప్పుడు ఈ సంగతి తేటపడింది. ఇలాంటిదే అయిన అమెరికా వ్యవస్థ ఐనోవరణమంతా 350 కిలోమీటర్ల ఎత్తున ఒక పలుచని పొరగా ఉన్నట్టు భావించి లెక్క చేస్తుంది. వాలు తీవ్రంగా ఉండే మన ఆకాశానికి అది సరిపోతుందా అన్నది ప్రశ్న. జీపీఎస్ రిసీవర్ల సమాచారాన్ని ఆధారం చేసుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆచార్య పి.వి.ఎస్. రామారావు బృందం 2006లో దీనికి జవాబు ప్రచురించింది: ఉపగ్రహం దిగంతం నుంచి 50 డిగ్రీలకు పైన ఉంటే ఆ భావన చెల్లుతుంది, అంతకన్నా కిందికి వాలితే నమ్మరాదు. గగన్ పరికరాన్ని మోసిన జీశాట్-8 ఉపగ్రహం 2011లో కక్ష్యకు చేరింది. రన్‌వే వైపు దిగే విమానానికి ఎత్తును కూడా చూపే సేవకు 2015లో ధ్రువీకరణ దక్కింది.

అయినా సూర్యాస్తమయం తర్వాత చిక్కు మళ్లీ మొదలవుతుంది. తిరుపతి సమీపాన గాదంకిలో 1,024 యాంటెన్నాలతో 1990లలో పనిచేయడం ప్రారంభించిన రాడార్, ఆ వేళల్లో ఐనోవరణం అడుగు నుంచి పైకి లేచే పలుచని బుడగలను చూపిస్తుంది. వాటి గుండా వచ్చే సంకేతం మిణుకుమిణుకుమంటూ ఒక్కోసారి తెగిపోతుంది. సూర్యుడిలో మచ్చలు పెరిగిన ఏళ్లలో, విషువత్తుల దరిదాపుల నెలల్లో ఈ బెడద ఎక్కువ. అప్పుడు తప్పును సరిదిద్దడం గగన్‌కూ సాధ్యం కాకపోవచ్చు కనుక, ఆ సంకేతాన్ని వాడవద్దని కొద్ది సెకన్లలోనే పైలట్‌కు హెచ్చరిక పంపడం కూడా దాని విధుల్లో ఒకటి.