పెదాలు మీవి, జవాబులు అన్నవి

అమీర్‌పేట హాస్టళ్ల నుంచి డల్లాస్ అపార్ట్‌మెంట్ల దాకా ఉద్యోగాల వేటలో ఉన్న మన పిల్లల మధ్య ఒక మాట తిరుగుతోంది. "వీడియో ఇంటర్వ్యూయే కదా, ప్రాక్సీ పెట్టుకో, నీ బదులు జవాబులు చెప్పే అన్న ఉన్నాడు. కెమెరా ముందు కూర్చుని నువ్వు పెదాలు ఆడించు, మాటలు అన్న చూసుకుంటాడు. అవతలివాళ్లకు తెలిసే చాన్సే లేదు." ఈ ధీమాతో అప్పు చేసి మరీ డబ్బు కడుతున్నారు. బీటెక్ చదివించడానికి ఒకసారి అప్పు చేసిన ఇంట్లోనే, చదువుకోలేదని దాచడానికి మరో అప్పు!

తెలియదన్నదే మొదటి అబద్ధం. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఈ విద్య పాతబడిపోయింది. ఇంటి నుంచి చేసే ఉద్యోగాలకు కొందరు దొంగ గుర్తింపుతో, డీప్‌ఫేక్ వీడియోలతో వస్తున్నారని అమెరికా ఎఫ్‌బీఐ 2022 జూన్‌లోనే హెచ్చరించింది. తెర మీద పెదాల కదలికకూ వినిపించే మాటకూ పొంతన ఉండటం లేదని, దగ్గో తుమ్మో వినిపించినా ముఖంలో ఆ చలనం కనిపించడం లేదని అందులో రాసింది. కంప్యూటర్‌తో తయారుచేసిన ముఖానికే చేతకాని పని, ముందురోజు రాత్రి వాట్సాప్‌లో పరిచయమైన అన్నతో కలిసి మీరు చేస్తారా?

సినిమాలో హీరో పెదాలు కలుపుతాడంటే, పాట ముందే రికార్డయి ఉంటుంది, టేకులు ఎన్నయినా తీసుకోవచ్చు. ఇక్కడ అన్న ఏం చెప్పబోతున్నాడో అన్నకే తెలియదు. ఆయన మాట విన్నాకే మీ నోరు కదలాలి కాబట్టి ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటారు. అనుమానం వచ్చిందా, అవతలాయన తాపీగా "ఇయర్‌ఫోన్స్ తీసేసి మాట్లాడండి" అంటాడు. లేదా "స్క్రీన్ షేర్ చేసి ఆ లైన్ మార్చి చూపించండి" అంటాడు. ఇంకా గడుసువాడైతే మీ కాలేజీకి ఏ స్టాప్‌లో బస్సు దిగాలని అడుగుతాడు. జావా మొత్తం నోటికొచ్చిన అన్నకు మీ కాలేజీ బస్‌స్టాప్ తెలియదు.

సరే, గట్టెక్కారనుకుందాం. ఇంటర్వ్యూను రికార్డు చేసి ఉంచే సంస్థలున్నాయి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకునేవీ ఉన్నాయి. చేరిన రోజు మీ గొంతు, మీ తడబాటు విన్నాక ఆ ఫైలు తెరవడానికి ఎంతసేపు పడుతుంది? దొరక్కపోయినా సుఖం లేదు. ఉద్యోగం తెచ్చిపెట్టినవాడే రోజువారీ పనికి 'సపోర్ట్' పేరుతో నెలనెలా వసూలు చేస్తాడు. మీ ఆధార్, రెజ్యూమె, ఆఫర్ లెటర్ అన్నీ ఆయన దగ్గరే ఉంటాయి, కాదనడానికి మీకు నోరుండదు. కంప్యూటర్ సాయంతో మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఈ సంగతి మాత్రం అన్న ప్యాకేజీలో రాయడు. డబ్బు తీసుకుని మాయమైపోయే అన్నలూ తక్కువేం లేరు. అలా పోగొట్టుకున్నవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బాధితుడు సిగ్గుతో నోరు మూసుకుంటాడన్న నమ్మకమే ఈ అన్నల పెట్టుబడి.

నష్టం ప్రాక్సీ పెట్టుకున్నవాళ్లతో ఆగితే పోనీలే అనుకోవచ్చు, అది నిజాయితీపరుల మీదా పడుతుంది. కనీసం ఒక రౌండ్ ఇంటర్వ్యూ ముఖాముఖి ఉండేలా చూస్తున్నామని 2025 జూన్‌లో గూగుల్ అధినేత సుందర్ పిచాయ్ చెప్పారు. ఇదే అందరూ పాటిస్తే, పలాసలో ఇంట్లో కూర్చుని నిజాయితీగా సమాధానాలు చెప్పగలిగే అమ్మాయి కూడా బెంగళూరుకు రైలు టికెట్ కొనుక్కోవాలి.

"అన్నెందుకు, ఏఐ ఉందిగా" అనేది కొత్త రకం. ప్రతి ప్రశ్ననూ మళ్లీ పైకి చెప్పడం, ప్రతిసారీ అదే విరామం, తర్వాత ఎడమ నుంచి కుడికి జరిగే కళ్లు, ఇవే పట్టిస్తాయి. అవతల కూర్చున్నవాళ్లూ రోజూ ఏఐ వాడుతున్నవాళ్లేనండీ!

మిగతా అపోహలకు ఒక్కో వాక్యం చాలు. సాఫ్ట్‌వేర్ మీ ముఖకవళికలకు మార్కులు వేస్తుందని గంటసేపు నవ్వు అతికించుకోకండి, వీడియో ఇంటర్వ్యూలు నిర్వహించే హైర్‌వ్యూ సంస్థే ముఖ విశ్లేషణను మానేశామని 2021 జనవరిలో ప్రకటించింది. బ్లేజర్ అక్కర్లేదు, ఇస్త్రీ చొక్కా చాలు. వెనక సముద్రం బొమ్మ కన్నా ఖాళీ గోడ మేలు. అమెరికా యాస అరువు తెచ్చుకోకండి, అది రెండో వాక్యంలోనే జారిపోతుంది.

"నెట్ బాగున్నవాడికే ఉద్యోగం" అన్నది సాకులాగే వినిపిస్తుంది. కానీ ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. 2014లో జర్మన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, కాల్‌లో 1.2 సెకన్ల ఆలస్యం ఉంటే జనం తప్పును లైన్ మీద వేయలేదు. అవతలి మనిషికే శ్రద్ధ లేదని అనుకున్నారు. అలాగని ఖరీదైన ప్లాన్ కొననక్కర్లేదు. ఇద్దరు మాట్లాడుకునే హెచ్‌డీ కాల్‌కు జూమ్ అడిగేది సెకనుకు 1.2 మెగాబిట్లే. చిక్కంతా ఆ కాస్త వేగమూ నిలకడగా ఉండకపోవడంలో ఉంది. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చోండి. ఆ గంటసేపు ఇంట్లోవాళ్లను టీవీలో యూట్యూబ్ ఆపమనండి. బ్లూటూత్ బదులు తీగ ఉన్న ఇయర్‌ఫోన్ వాడండి, బ్లూటూత్‌లో మైక్ ఆన్ కాగానే చాలాసార్లు శబ్దం నాణ్యత పడిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకుని, హెచ్‌ఆర్ నంబరు కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. ప్రశ్న పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగి మొదలుపెడితే ఒకరి మాట మీద ఒకరు పడరు.

అన్నకు కట్టాలనుకున్న డబ్బు ఇంట్లోనే ఉంచి, మీ ప్రాజెక్టు గురించి మూడు నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ముందు తెలుగులో చెప్పండి. తెలుగులో చెప్పలేకపోతే లోపం ఇంగ్లిష్‌ది కాదు, ఆ ప్రాజెక్టే మీకు తెలియదు.

ఇంటర్వ్యూ చేసే పెద్దలకూ ఒక మనవి. తెర ఆగిన ప్రతి అభ్యర్థినీ ప్రాక్సీ అనుకోకండి. నర్సీపట్నంలో కరెంటు పోతే ఆ పిల్ల తప్పు కాదు, ఇంకో పది నిమిషాలు చూసి మళ్లీ కాల్ కలపండి.