అంగడిలో ఆయుధము

నేడు శ్రీ విజయపురమని పిలువబడుచున్న పోర్ట్ బ్లెయిరు పట్టణములో డైరీ ఫార్మ్ ఒక పేట. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి సముద్రము దాటివచ్చి స్థిరపడిన తెలుగువారు ఈ పట్టణమున పెక్కుమంది కలరు. ఇచట కిరాణా దుకాణమునకు పోవువాడు సంచి చేతబట్టుకొని పోవునేగాని నడుమున రివాల్వరు నలుగురికిని కనబడునట్లు ధరించి పోడు. ఇది లోకమర్యాద మాత్రమే కాదు, శాసనముకూడ.

1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే తుపాకిని కలిగియుండుటయు, వెంట గొనిపోవుటయు నేరములు. పోలీసు నివేదికను తెప్పించుకొని, అడిగినవాని అవసరమును విచారించిన పిమ్మటనే అధికారి లైసెన్సు నొసగును. 2019 సవరణవలన ఒక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెంటికి తగ్గినది. లైసెన్సు గలవాడైనను, 2016 నాటి నియమావళి ననుసరించి, బహిరంగ స్థలమున ఆయుధమును ఒరలోనో సంచిలోనో ఉంచి, పూర్తిగా కప్పి, తన అదుపులో నుంచుకొనవలెను. దానిని ఝళిపింపరాదు, పేల్చరాదు.

ప్రజలను నిరాయుధులను చేయుట పరప్రభుత్వపు పన్నాగము కాదా యని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. 1878 నాటి చట్టము తెల్లవారికి మినహాయింపు లొసగి, భారతీయులకు మాత్రము లైసెన్సు తప్పనిసరి చేసినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి తుపాకులు గొనిపోవుటకు కారణము ఆయుధములన్నియు పాలకులచేతనే యుండుట. అయితే స్వతంత్ర భారతము ఆ జాతిభేదమును తొలగించియు, లైసెన్సు పద్ధతిని నిలుపుకొన్నది. ఏలయన సాయుధులు వీథులలో తిరుగాడిన చోట నిరాయుధుని బ్రతుకెట్లుండునో ఈ దీవులకు అనుభవపూర్వకముగా తెలియును. 1942 మార్చి 23న పోర్ట్ బ్లెయిరులో దిగిన జపాను సైనికులు ఇండ్లలో జొరబడి చేతికందినది తీసికొనుచుండగా, జుల్ఫికర్ అలీ యను యువకుడు సహింపలేక గాలితుపాకి పేల్చెను. ఎవ్వరికిని ప్రాణహాని కలుగలేదు; అయినను సైనికులు అతనిని చిత్రవధచేసి చంపిరి.

మన తెలుగువారు వేలాదిగా నివసించు టెక్సాసులో మరియొక పద్ధతి కలదు. లైసెన్సుదారులు పిస్తోలును బాహాటముగా ధరించుటకు 2016 జనవరి 1నుండియు, అర్హులైన పెద్దలు లైసెన్సు లేకయే ధరించుటకు 2021 సెప్టెంబరు 1నుండియు అచట అనుమతి లభించినది. దుకాణదారుడు వలదని నియమిత రీతిని బోర్డు కట్టిన, ఆయుధముతో లోనికి పోరాదు. 2019లో ఎల్ పాసోలోని వాల్‌మార్ట్ దుకాణమున ఒక దుండగుడు ఇరువదిముగ్గురిని బలిగొన్న తరువాత, ఆ సంస్థ తుపాకులు బాహాటముగా ధరించి రావలదని కొనుగోలుదారులను కోరినది. 2023 మే 6న ఆలెన్ పట్టణపు అంగళ్ల సముదాయములో కాల్పులకు బలియైన ఎనమండుగురిలో హైదరాబాదునుండి వెళ్లిన యువ ఇంజనీరొకతె కలదు.

అంగడి పరస్పర విశ్వాసముపై నడచును. ఎదుటివాని నడుమున తుపాకి కనబడిన క్షణమున అతడు రక్షకుడో హంతకుడో సామాన్యునికి తెలియు మార్గము లేదు. కావున లైసెన్సు గలవారు ఆయుధమును కప్పియుంచుట తమ ధర్మముగా నెరుగవలెను. దుకాణములో ఎవరైనను దానిని ప్రదర్శించినచో వారితో వాదమునకు దిగక, దూరముగా తొలగి, 112కు ఫోను చేయవలసినదిగా పాఠకులకు మనవి.