మంచు పెట్టిన మేత

చలిదేశాల్లో గొడ్లు కాచేవాడికి మంచు శత్రువు. నెలల తరబడి నేలంతా తెల్లగా కప్పుకుపోతే పశువుకు గడ్డిపరక దొరకదు. అందుకని అక్కడివారు వేసవిలోనే గడ్డి కోసి, ఎండబెట్టి కొట్లకెత్తుతారు. పచ్చిగడ్డిని గాలి చొరకుండా పాతర వేసుకుంటారు. మన తెనాలి, రేపల్లె, బాపట్ల సీమలో సంగతి తలకిందులు. మనకు మేత కరువు వేసవిలో. ఆ కరువుకు మేత పండించి పెట్టేది మంచే!

వరికోతకు మూడు నాలుగు రోజుల ముందు, చేలో పదునుండగానే, నిలువు పైరులో పిల్లిపెసర గింజలు చల్లుతారు. కొందరు జనుము చల్లుతారు. దుక్కి లేదు, తడి లేదు. వరి కోసి పనలు ఎత్తేసరికి మోళ్ళ మధ్య పచ్చగా ఆకు తొడిగివుంటుంది. ఆపైన దాన్ని పెంచేది నేలలోని చెమ్మా, తెల్లవారుజామున కురిసే మంచూను. కొంత పచ్చిగా మేపి, మిగిలింది పూతమీద కోసి ఎండబెట్టి, మేటులో వరిగడ్డికీ వరిగడ్డికీ మధ్య పొరగా వేస్తారు. వరిగడ్డి కడుపు నింపుతుంది గాని బలమివ్వదు. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళే. పిల్లిపెసర పప్పుజాతిది. ఆ లోటు అది తీరుస్తుంది. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వెలవకముందే మన రైతుకు యీ లెక్క తెలుసు. గ్రాసమంటే సంస్కృతంలో ముద్ద. వట్టి గడ్డి పప్పులేని ముద్దన్నమాట!

మొన్న డిసెంబరులో తెనాలినుంచి రేపల్లె బండిలో పోతూ, వేమూరు దాటినప్పటినుంచీ కిటికీలోంచి గడ్డిమేట్లు లెక్కపెట్టాను. చిన్నప్పుడు లెక్క తప్పేది. ఈసారి తప్పలేదు.

‘‘మిషను వచ్చింది అబ్బాయ్! రెండు రోజుల కోత రెండు గంటల్లో అయిపోయింది,’’ అన్నాడు మామయ్య. ఆయన్ను తప్పుపట్టలేం. కూలికి మనుషులు దొరకరు. పైన మబ్బు పట్టిందంటే గుండె గుభేలుమంటుంది. కాని మిషను కోసిన గడ్డి నలిగి, తునిగి చేలోనే పడిపోతుంది. దాని చక్రాలకింద పిల్లిపెసర మొలకలు అణగిపోతాయి. కట్టలు చుట్టే యంత్రం వచ్చేలోగా నిప్పుపెట్టేవారూ వున్నారు. పైగా వరి తరవాత ఇప్పుడు మొక్కజొన్న వేసేవారు ఎక్కువ.

నూరు కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్ళలో కలిపి చల్లి, మూడువారాలు గాలి తగలకుండా కప్పివుంచితే గడ్డి సారం పెరుగుతుందని పశువైద్యులు చెబుతారు. మంచి ఉపాయమే. ముందు గడ్డంటూ వుండాలిగదా!

ఆ సాయంత్రం మామయ్య యింటికి గేదె బేరగాడొచ్చాడు. అత్తయ్య గుమ్మం దిగలేదు.

‘‘వేసవికి గడ్డి కొని మేపితే పాలడబ్బులు గడ్డికే సరి,’’ అన్నాడు మామయ్య, నాతో అన్నట్టుగా.

‘‘అరెకరం కొడవలితో కోయించమని నేను అననే అన్నాను. కూలి ఎక్కువన్నారు. ఇప్పుడు గేదె ఎక్కువైంది,’’ అన్నది అత్తయ్య లోపల్నించి.

బేరగాడు మళ్ళీ వస్తానని వెళ్ళాడు. చెరువుగట్టు వైపు మిషను దిగని పల్లపు చేను అరెకరం కోతకు వున్నదట. తెల్లవారుజామున మామయ్య తలకు తువాలు చుట్టుకుని, గోతాంలో పిల్లిపెసర గింజలు పోసుకుని అటు బయల్దేరాడు. కళ్ళముందు గజం దూరం కనపడనంత మంచు.