ఒక్క స్క్రిప్టు.. వెయ్యి కంప్యూటర్లు!

వెయ్యి కంప్యూటర్లున్న ఆఫీసు. అన్నింట్లో ఓ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయాలి. ఒక్కోదానికి పది నిమిషాలనుకున్నా, చేత్తో చేస్తే 160 గంటలకు పైమాటే! ఇదే పనిని కొన్ని వరుసల కమాండ్లతో చేయించేదే స్క్రిప్టింగ్. డెస్క్‌టాప్ సపోర్ట్ దగ్గరే ఆగిపోకుండా క్లౌడ్, డెవాప్స్ వైపు వెళ్లాలనుకునేవారికి ఇది తొలి మెట్టు.

ఒక్క సర్వర్ మిగిలిపోతే..

స్క్రిప్టింగ్ వేగం కోసమే కాదు. 2012లో అమెరికా స్టాక్ ట్రేడింగ్ సంస్థ నైట్ క్యాపిటల్‌లో కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాలి. టెక్నీషియన్ ఒకదాంట్లో పెట్టలేదు. సరిచూసే రెండో మనిషీ లేరు. ఆగస్టు 1న ఆ సర్వర్లోని పాత కోడ్ పనిచేయడం మొదలుపెట్టింది. 45 నిమిషాల్లో పోగైన అనవసర షేర్ల వల్ల నష్టం 46 కోట్ల డాలర్ల పైనే! ఎనిమిదింట్లోనూ ఒకే కోడ్ ఉందా అని చూసే చిన్న స్క్రిప్టు ఉంటే తేడా ముందే బయటపడేది.

ఏం నేర్చుకోవాలి?

లినక్స్‌కు బాష్, విండోస్‌కు పవర్‌షెల్. 2006లో వచ్చిన పవర్‌షెల్‌ను మైక్రోసాఫ్ట్ 2016లో ఓపెన్ సోర్స్ చేసింది. ఇప్పుడు లినక్స్, మ్యాక్‌లలోనూ ఉచితమే. 'గెట్-సర్వీస్', 'స్టాప్-సర్వీస్'.. ఇలా పేరు చూస్తేనే పని తెలిసిపోతుంది.

ఇవి మరవొద్దు

* ముందు వెర్షన్ చూడాలి. కొత్తది ఉంటే వదిలేయాలి. అప్పుడు స్క్రిప్టును ఎన్నిసార్లు నడిపినా ఇబ్బంది ఉండదు.
* ఎగ్జిట్ కోడ్ చదవాలి. విండోస్ ఇన్‌స్టాలర్‌లో 0 అంటే విజయం, 3010 అంటే పనైంది కానీ రీస్టార్ట్ చేయాలి, 1603 అంటే విఫలం.
* మార్పులు చేసే చాలా పవర్‌షెల్ కమాండ్లకు 'వాట్ఇఫ్' జోడిస్తే, పని చేయకుండానే ఏం జరగబోతోందో చెబుతాయి.
* ముందు పది కంప్యూటర్లలో.. తర్వాతే అన్నింట్లో. వెనక్కి తెచ్చే దారీ సిద్ధంగా ఉండాలి.
* స్క్రిప్టులో పాస్‌వర్డ్ రాయకూడదు.

సాధన ఇలా

ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టుకోండి. ఏదైనా ఉచిత సాఫ్ట్‌వేర్‌ను రెండింట్లోనూ స్క్రిప్టుతోనే వేయండి, తీసేయండి. ఫలితాన్ని లాగ్ ఫైల్లో రాయించండి. కావాలనే మధ్యలో ఒక మెషీన్‌ను ఆపి, స్క్రిప్టు ఏం చేస్తుందో గమనించండి. ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో ఉంచండి. 'మధ్యలో ఫెయిలైతే ఏం చేస్తారు?' అని ఇంటర్వ్యూలో అడిగితే, మీరు చేసి చూసిందే చెప్పొచ్చు.