యాభై సెంట్ల డబ్బా కెమెరా చెప్పే ముచ్చట

మొన్న వడ్లు కొనే సెంటర్ కాడ ఒక తమ్ముడు కలిసిండు. రాత్రి పడ్డ వానకు కుప్పలన్నీ తడిసి ముద్దయినయి. "ఫోటోలు తీసినవా తమ్మీ?" అని అడిగిన. "నా ఫోను కెమెరా మంచిగ లేదన్నా, అంతా మసక మసక వస్తది. గందుకే తియ్యలే" అన్నడు. గా మాట నన్ను రెండు దినాలు ఇడిసిపెట్టలే. మంచి కెమెరా లేదని మనోళ్లు తియ్యకుండ ఊకున్న ఫోటోలు ఎన్నున్నయో! గందుకే ఇయ్యాల, దునియాల మస్తు పేరు తెచ్చుకున్న ఒక నాసిరకం కెమెరా ముచ్చట చెప్త. దాని పేరు డయానా.

1960లల్ల హాంకాంగ్‌ల, కౌలూన్ అనే దిక్కున గ్రేట్ వాల్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ అని ఉండె. డయానా గండ్లనే పుట్టింది. పైకెళ్లి చూస్తె పెద్ద కెమెరా లెక్కనే కొడ్తది. చేతుల పట్టుకుంటె ఎరుకైతది, మొత్తం ప్లాస్టిక్ అని. లెన్స్ సుత ప్లాస్టిక్కే. అమెరికల పవర్ సేల్స్ అనే కంపెనీ దీన్ని తెప్పిచ్చి, పెట్టెకు 144 చొప్పున టోకుకు అమ్మేది. ఒక్కోటి యాభై సెంట్లు, అంటె అర డాలరు. ఏదన్న కొంటె ఉత్తగ ఇచ్చేతందుకు, సంతలల్ల ఆట గెల్చిన పిల్లలకు బహుమతిగ ఇచ్చేతందుకు కొనేటోళ్లు. పిల్లల ఆటవస్తువే, గని ఫిల్ము వేస్తె నిజంగనే ఫోటో వచ్చేది.

గంత చౌకగ ఎట్ల వచ్చింది? 1949 తర్వాత చైనా నుంచి లచ్చల మంది కట్టుబట్టలతోని హాంకాంగ్‌కు వచ్చిండ్రు. బతుకు కోసం తక్కువ కూలికి ఫ్యాక్టరీలల్ల చేరిండ్రు. ప్లాస్టిక్ పూలు, ప్లాస్టిక్ బొమ్మలు అక్కడికెళ్లే దునియా మొత్తం పోతుండె. ఆడోళ్లు, పిల్లలు ఇండ్లల్ల కూసోని ప్లాస్టిక్ పూలు అతికిచ్చేటోళ్లు, మన దిక్కు బీడీలు చుట్టినట్టు. 1967 మే నెలల గదే కౌలూన్‌ల, సాన్ పో కాంగ్ అనే కాడ ఒక ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీల కార్మికుల కొట్లాట మొదలైంది. గది పెరిగి పెరిగి హాంకాంగ్ మొత్తాన్ని నెలల తరబడి ఊపేసింది, యాభై మందికి పైగ పానాలు పోయినయి. డయానా చేసిన ఫ్యాక్టరీ వేరు, పూల ఫ్యాక్టరీ వేరు. గని కాలం అదే, గాలి అదే. అర డాలరు కెమెరా అంటె, దాని ఎనుక గసొంటి బతుకులున్నయని యాది పెట్టుకోవాలె.

ఇగ అది ఎట్ల పనిచేస్తదో చూద్దాం. డయానాల 120 అనే ఫిల్ము వేస్తరు. సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పుంటది. ఒక్క రీలుకు 16 ఫోటోలు, ఒక్కోటి నాలుగు సెంటీమీటర్ల చదరం. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద వచ్చే బొమ్మ కంటె గిది రెండింతల జాగ. అంటె కాయితం మీద పెద్దగ చేసేటప్పుడు తక్కువ సాగదీస్తె సాలు, లెన్స్ తప్పు కొంత దాగుతది. మన దేశంల అగ్ఫా క్లిక్-3 అని చౌక కెమెరా ఉండె, అది సుత ఈ 120 ఫిల్ము తోనే నడిచేది. మీ తాతల కాలం నలుపు తెలుపు ఫోటోలు ఇంట్ల ఉంటె చూడుండ్రి, కొన్ని గసొంటి కెమెరాతోని తీసినయే అయి ఉండొచ్చు.

డయానాకు తప్పులు మస్తుగున్నయి. మంచి కెమెరాల నాలుగైదు గాజు లెన్సులు కలిసి పనిచేస్తయి, ఒకటి చేసిన తప్పును ఇంకోటి సరిచేస్తది. డయానాకు ఉన్నదే ఒక్క లెన్స్, దాని తప్పు దిద్దేటోడు లేడు. గందుకే బొమ్మ నడిమిట్ల కొంచెం సాఫ్‌గ వస్తది, అంచులకు పోయిన కొద్దీ మసకైతది. మూలలకు వెలుగు సరిగ్గ అందదు, అక్కడ నల్లగైతది. డబ్బా మూత సక్కగ కూసోదు, సందులకెళ్లి వెలుగు జొర్రి ఫిల్ము మీద తెల్లటి చార పడ్తది. ఎనుకున్న ఎర్ర కిటికీల నంబరు చూసుకుంట ఫిల్మును మనమే తిప్పాలె. తిప్పుడు మర్చిపోతె కెమెరా ఆపదు, ఒక ఫోటో మీద ఇంకో ఫోటో పడ్తది.

ఇగ ఈ చెత్త డబ్బాను ఒక పిల్ల చేతులకు తీసుకున్నది. నాన్సీ రెక్స్‌రోత్, ఒహాయో యూనివర్సిటీల ఫోటోగ్రఫీ చదువుతుండె. అక్కడ చదువుకునేటోళ్ల చేతులల్ల డయానాలు తిరుగుతుండె. పెద్ద కెమెరా గొప్పలు పక్కకు పెట్టి, కండ్లతోని చూసుడు నేర్వాలె అన్నట్టు. 1970 నుంచి ఆరేండ్లు, ఒహాయో పల్లెలు, చిన్న చిన్న ఊర్లు తిరిగింది. తెల్ల పెంకుల ఇండ్లు గాదు, తెల్ల చెక్క ఇండ్లు, ఖాళీ అర్రలు, చెట్లు, పిల్లలు. గంతే. 1977ల పుస్తకం వేసింది. పేరు 'అయోవా'. తీసింది ఎక్కువ ఒహాయోల, పేరేమో అయోవా! ఎందుకంటె చిన్నప్పుడు సుట్టాలింటికి అయోవా పోయిన యాది ఆమె మనసుల ఉండె. యాది సుత గట్లనే ఉంటది గద, నడిమిట్ల సాఫ్‌గ, అంచులకు మసకగ. కెమెరా తప్పేందో ఆమెకు పూర్తిగ ఎరుక. ఆ తప్పు తన ముచ్చటకు అక్కెరకొస్తదని సుత ఎరుక.

డయానా తయారీ 1970లల్ల ఆగిపోయింది. 1982ల హాంకాంగ్‌లనే హోల్గా అని ఇంకో ప్లాస్టిక్ కెమెరా వచ్చింది, చైనాల మామూలు కుటుంబాలు కొనుక్కోవాలని. అది సుత 120 ఫిల్ముదే, దానికి సుత వెలుగు కారేది. టేపు అతికిచ్చి వాడేటోళ్లు. 2000 సంవత్సరంల అమెరికా ఎలక్షన్లప్పుడు డేవిడ్ బర్నెట్ అనే పేరున్న ప్రెస్ ఫోటోగ్రాఫర్, అల్ గోర్ ప్రచారాన్ని హోల్గాతోని తీసిండు. సుట్టూ వేల డాలర్ల కెమెరాలు. ఆ ఫోటోకు వైట్‌హౌస్ న్యూస్ ఫోటోగ్రాఫర్ల పోటీల బహుమతి వచ్చింది.

మీరు రోజు చూసే ఇన్‌స్టాగ్రామ్ ముచ్చట సుత ఉన్నది. దాన్ని మొదలువెట్టిన కెవిన్ సిస్ట్రోమ్, ఇటలీల చదువుకునేటప్పుడు వాళ్ల సారు ఒక హోల్గా చేతుల పెట్టిండు. ఆ చదరం బొమ్మలు, ఆ వింత రంగులు పిలగాని మనసుల నాటుకున్నయి. 2010ల ఇన్‌స్టాగ్రామ్ వచ్చినప్పుడు ఫోటోలు చదరంగనే ఉండె, పైకెళ్లి ఫిల్టర్లు. ఒకప్పటి ప్లాస్టిక్ లెన్స్ తప్పు ఇప్పుడు ఒక్క బటన్ అయింది. డయానాను సుత 2007ల లోమోగ్రఫీ అనే కంపెనీ మల్ల తయారు చేసింది, అర డాలరుకు మాత్రం కాదు. తప్పు తక్కువోని చేతుల ఉంటె 'నాసిరకం' అంటరు, అదే తప్పుకు పెద్దోళ్లు పేరు పెడితె 'స్టైల్' అంటరు. పుస్తకాల మీద ఫోటోగ్రాఫర్ల పేర్లున్నయి. ఆ డబ్బాలు బిగిచ్చిన చేతుల పేర్లు యాడ లెవ్వు.

గయితె "మసక ఫోటో అయినా నడుస్తది" అని నేను చెప్తలేను. అయోవా పుస్తకానికి మసక అందం. తడిసిన వడ్ల దరఖాస్తుకు మసక పనికిరాదు, "కనవడ్తలేదు" అని పక్కకు పారేస్తరు. నేను చెప్పేది ఒక్కటే. నీ చేతులున్న దాని తప్పేందో పూర్తిగ తెలుసుకో. నీ ఫోను చీకట్ల తప్పు చేస్తదా? ఎండల తియ్యి, సూర్యుడు నీ ఈపు దిక్కుండాలె. జూమ్ చేస్తె పగులుతదా? జూమ్ చెయ్యకు, రెండడుగులు ముంగటికి నడువు. లెన్స్ మీద చెమట మరక ఉంటది, అంగీ కొసతోని తుడువు. ఒక ఫోటో దూరంకెళ్లి తియ్యి, సెంటర్ బోర్డు కనవడాలె. ఇంకోటి దగ్గరికెళ్లి, మొలకొచ్చిన గింజ కనవడాలె. అసలు ఫోటో ఫోన్ల భద్రంగ దాచిపెట్టు. వాట్సప్‌ల ఫోటో లెక్క పంపితె అది కుదించుకపోతది, ఎప్పుడు తీసిందో చెప్పే వివరం సుత పోతది.

అర డాలరు డబ్బాతోని ఒహాయో పల్లెలు పుస్తకానికి ఎక్కినయి. నీ జేబుల ఉన్నది దానికంటె వంద రెట్లు మంచిది. వాన మల్ల పడ్తది తమ్మీ. ఈసారి ఫోను జేబులకెళ్లి బయటికి తియ్యి.