తొంభై నిమిషాల్లో ఒక పూర్తి కథ



మొన్నటి పేరెంట్ టీచర్ మీటింగులో ఒక నాన్నగారు నన్ను అడిగారు: “మేడమ్, మావాడు రీల్స్ అయితే ఎంతసేపైనా చూస్తాడు. నాలుగు పేజీల పాఠం చదవమంటే మాత్రం కుదురుగా కూర్చోడు. ఏం చేయమంటారు?” ఆ రోజు “ఫోన్ తగ్గించండి సార్” అని చెప్పి పంపించాను. అది అందరూ చెప్పే మాటే. దాంతో పని జరగదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకు ఆలస్యంగా ఇస్తున్న జవాబే ఈ వ్యాసం.

తర్వాతి వారం ఏడో తరగతి పిల్లలకు వరుసగా రెండు పీరియడ్లు కలిపి ఒక సినిమా చూపించాను. పేరు ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’. మజీద్ మజీదీ తీసిన 1997 నాటి ఇరాన్ సినిమా. నిడివి 89 నిమిషాలే. అలీ అనే పిల్లవాడు కుట్టించడానికి తీసుకెళ్లిన చెల్లెలి బూట్లు పోగొడతాడు. ఇంట్లో డబ్బు ఇబ్బంది. నాన్నకు చెప్పాలంటే భయం. దాంతో అలీ బూట్లే ఇద్దరూ పంచుకుంటారు. చెల్లెలు పొద్దున బడికి వేసుకెళ్లి పరుగున వచ్చి విప్పితే, అన్న వాటిని వేసుకుని తన బడికి పరుగెత్తాలి. కథంతా ఆ ఒక్క జత బూట్లదే.

మొదటి పది నిమిషాలు క్లాసు కుదురుగా లేదు. “ఫైట్ ఎప్పుడొస్తుంది మేడమ్?” అని ఒకరు అడిగారు. చివర్లో పరుగుపందెం వచ్చేసరికి సగం మంది లేచి నిలబడ్డారు. సినిమా అయ్యాక, ఆఖర్లో నాన్న సైకిల్ మీద క్షణకాలం కనిపించిన వస్తువును ఎవరు చూశారని అడిగాను. నలుగురే చేతులెత్తారు. (అదేమిటో ఇక్కడ చెప్పను. మీరూ పిల్లలూ పోటీపడి చూడండి.) ఆ నాన్నగారి అబ్బాయి ఆ నలుగురిలో లేడు. కానీ లంచ్ బ్రేక్‌లో నా దగ్గరికి వచ్చి, “ఆ సీన్ మళ్లీ ఒక్కసారి వేయండి మేడమ్” అన్నాడు. ఆ ఒక్క సినిమాతో వాడు మారిపోయాడని చెప్పను. అయితే ఒక కథను మొదలు నుంచి చివరి దాకా చూశాడు, వెనక్కి వెళ్లి ఇంకోసారి చూడాలనుకున్నాడు. పాఠం చదవడానికి కావలసిందీ ఇదే కదా!

చిన్న సినిమా అంటే?

ఆస్కార్ నిబంధనల ప్రకారం 40 నిమిషాలు దాటితే అది ఫీచర్ ఫిల్మే. మనకు మాత్రం సినిమా అంటే రెండున్నర గంటలు, మధ్యలో ఇంటర్వెల్. పాటలు, ఫైట్లు, కామెడీ అన్నీ ఉండాలి మరి. ‘పుష్ప 2’ (2024) ఏకంగా 3 గంటల 20 నిమిషాలు. పెద్ద సినిమా తప్పని కాదు. ‘మాయాబజార్’ (1957) మూడు గంటలు దాటినా ఎవరికీ విసుగు రాదు. అయితే 1932లో వచ్చిన మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ నిడివి ఎంతో తెలుసా? 108 నిమిషాలు. రెండు గంటల లోపు కథ చెప్పడం మనకు కొత్తేమీ కాదన్నమాట.

నిడివి తక్కువైతే దర్శకుడికి అనవసరమైన సీను పెట్టే వీలుండదు. ప్రతి చిన్న వస్తువుకూ కథలో పని ఉంటుంది. అందుకే చూసేవాళ్లు కన్ను తిప్పకుండా చూడాలి. రీల్ అలా అడగదు, నచ్చకపోతే వేలితో పైకి తోసేయవచ్చు.

ఇంకో సౌలభ్యం మన ఇళ్లకు సంబంధించింది. అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఉండే మన తల్లిదండ్రుల్లో చాలామంది మెట్రో దిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. అమీర్‌పేట సత్యం థియేటర్‌లో సినిమాలు చూసిన తరం మీది. ఇప్పుడు అదే చోట మల్టీప్లెక్స్ వచ్చింది, అయినా అందరికీ తీరిక దొరకడమే కష్టం. దొరికిన ఆదివారం సెకండ్ షోకి వెళ్తే, సోమవారం మొదటి పీరియడ్‌లో పిల్లల ఆవులింతలు లెక్కపెట్టేది నేనే! గంటన్నర సినిమా అయితే శనివారం ఏడున్నరకు మొదలుపెట్టి, తొమ్మిదింటికల్లా ముగించి, దాని గురించి మాట్లాడుకుంటూ భోంచేయవచ్చు.

ఎవరికి ఏది?

1 నుంచి 4 తరగతులు: ‘మై నైబర్ టోటోరో’ (1988, 86 నిమిషాలు). హయావో మియజాకి తీసిన జపాన్ యానిమేషన్ సినిమా. అమ్మ ఆసుపత్రిలో ఉంటే, పల్లెకు మారిన అక్కాచెల్లెళ్ల కథ. విలన్ లేడు. ‘టాయ్ స్టోరీ’ (1995) 81 నిమిషాలు. పూర్తిగా కంప్యూటర్ యానిమేషన్‌తో తీసిన తొలి ఫీచర్ ఫిల్మ్ ఇదే.

5 నుంచి 7 తరగతులు: ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’తో పాటు అబ్బాస్ కియరోస్తమీ తీసిన ‘వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్’ (1987, 83 నిమిషాలు). పొరపాటున తన సంచిలోకి వచ్చిన స్నేహితుడి నోట్‌బుక్ తిరిగి ఇవ్వడానికి ఒక పిల్లవాడు పక్క ఊరికి పరుగెడతాడు. హోంవర్క్ ఇచ్చే మా టీచర్లం కూడా చూడాల్సిన సినిమా.

8వ తరగతి, ఆపైన: తెలుగు సినిమా ‘సినిమా బండి’ (2021, 98 నిమిషాలు). దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల. తన ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరాతో ఒక డ్రైవర్ ఊరివాళ్లను కూడగట్టి సినిమా తీయబోతాడు. నవ్విస్తూనే ఆలోచింపజేస్తుంది. ముందు మీరు చూసి, ఆ తర్వాత పిల్లలకు చూపించండి.

పిల్లలు పడుకున్నాక మీ కోసం: బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988). సుమారు గంటన్నర. తెలంగాణ గడీలో ఒక దాసీ బతుకు. నటి అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన సినిమా.

ఇంట్లో ఇలా చేసి చూడండి

• సినిమా ముందు వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ మీద నిడివి రాసి ఉంటుంది. పిల్లలతోనే చదివించండి. 2024 నుంచి యూఏ విభాగాన్ని 7+, 13+, 16+ అని విడదీశారు. అదీ గమనించండి.

• అందరి ఫోన్లూ పక్క గదిలో పెట్టాలి. మీవి కూడా.

• మధ్యలో ఆపకండి. మొదటి పది నిమిషాలు “బోర్” అంటారు. ఓపిక పట్టండి.

• వేరే భాష సినిమా అయితే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో పెట్టండి. గంటన్నర పాటు ఇంగ్లిష్ చదివామని పిల్లలకు తెలియను కూడా తెలియదు. చిన్నవాళ్లకు మీరు తెలుగులో చెబుతూ ఉండండి.

• “నీతి ఏమిటి?” అని అడగకండి, అది పరీక్ష అయిపోతుంది. “నువ్వైతే నాన్నకు చెప్పేవాడివా?” అని అడగండి. ఆ తర్వాత ఏం చెబుతారో వినండి. మీకు ఇన్నాళ్లూ చెప్పనిదేదో ఆ జవాబులో ఉండవచ్చు.

నెలకు ఒక్క సినిమా చాలు. చూశాక పిల్లల డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి. వాళ్లు ఏమన్నారో తెలుసుకోవాలని నాకూ ఆశగా ఉంది.